తొమ్మిదింట రెండు వంతులు

కిందటి వారం నెవెంకను పేకబల్ల దగ్గర, నోరు ఎండిపోయి కూర్చున్నప్పుడు వదిలి వచ్చాం. ఎదురుగా కూర్చున్న కొత్తవాడు, లాయోష్ అనే హంగేరీ మనిషి, పందెం కాయబోతూ తలెత్తి గోడ గడియారం కేసి చూశాడు. అతనికి కావలసింది టైము కాదు. సెకన్ల ముల్లు ఎక్కడుందో చూసుకుని, తల దించుకుని, అప్పుడు బిళ్ళలు ముందుకు తోశాడు. కూబర్ పీడీ అనే ఆ ఎడారి గనుల ఊళ్ళో అలా చూసి పందెం కాసే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన నెవెంక తండ్రి ఫ్రానె. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఎలా పోయాడో ఊరంతటికీ తెలుసు. అంటే, తెలుసని ఊరు అనుకుంటుంది. ఫ్రానె తన సొంత ఒపల్ రత్నాల గనిలో, డెబ్భై అడుగుల గుంత అడుగున, కాళ్ళు విరిగి, ఐదో రోజున దొరికాడు. దిగడానికి వాడే తాడు నిచ్చెన మాత్రం పైన ఒడ్డునే ఉంది. చక్కగా చుట్ట చుట్టి, ఎగిరిపోకుండా మీద ఒక రాయి పెట్టి ఉంది. నిచ్చెన పైన ఉండి మనిషి కింద ఉంటే దానికి అర్థం ఒక్కటే అన్నారు. దూకేశాడన్నారు. పెళ్ళాం పోయినవాడు, గనిలో ఏళ్ళ తరబడి ఏమీ దొరకనివాడు, ఇంకేం చేస్తాడు అని నిట్టూర్చి, పూడ్చిపెట్టి, ఎవరి గనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ నిచ్చెనను పైకి లాగి చుట్టిపెట్టింది నెవెంక. ఈ సంగతి మనకీ ఆమెకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ రోజు పొద్దున కాఫీ దగ్గర తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకున్నారు. పోట్లాట ఒక పందెం లెక్క గురించి. ఆయన కాఫీ ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఈమె మనసు మెత్తబడి రొట్టే మాంసమూ మూట కట్టుకుని గనికి వెళ్ళింది. అక్కడ ట్రక్కు లేదు. గుంతలో నిచ్చెన వేలాడుతోంది. మూడుసార్లు పిలిచింది. కిందనుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. అలిగినప్పుడు ఏ ఆండమూకా గనులకో పోయి వారం పాటు ఉండిపోవడం ఆయనకి అలవాటే. వెళ్ళిపోయాడనుకుంది. మనిషి లేని గనిలో నిచ్చెన వేలాడుతుంటే లాగి పెట్టాలని ఆ ఊళ్ళో బడిపిల్లకైనా తెలుసు. లేకపోతే 'రాత్రి షిఫ్టు' దిగుతుంది. పరాయి గనుల్లో దొంగతనంగా తవ్వుకుపోయేవాళ్ళని అక్కడ అలాగే అంటారు. అందుకని లాగింది, చుట్టింది, రాయి పెట్టింది, ఇంటికి వచ్చేసింది. ట్రక్కు మెకానిక్కు దగ్గర ఉందనీ, ఆయన ఆ రోజు నడిచి వెళ్ళాడనీ ఐదో రోజుకి గానీ గుర్తు రాలేదు.

ఊరు దూకాడంటే ఆమె నోరు మెదపలేదు. పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని స్టాంపులు గుద్దుతున్నా, పక్కమీద వాలినా, ఆమెను పీక్కుతినే ప్రశ్నలు ఇవే. తన మాట పడలేక నాన్న నిజంగానే దూకేశాడా? తను నిచ్చెన లాగినప్పుడు నాన్న కింద ఉన్నాడా? ఉంటే, బతికి ఉన్నాడా?

ఇక బల్ల దగ్గరికి వద్దాం. జనవరి ఆదివారం, అక్కడ అది నడి వేసవి, బయట ఎండ నలభై ఆరు డిగ్రీలు. బోజో ఇల్లు అందరి ఇళ్ళలాగే కొండ కడుపులో తొలిచిన ఇల్లు కాబట్టి లోపల చల్లగా ఉంది. బోజో ఫ్రానె ఊరివాడే, పాత దేశపు సముద్రపు ఒడ్డు నుంచి ఒకే ఓడలో వచ్చినవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని బార్బా అంటారు, మనం పెదనాన్నా అన్నట్టు. ఆయన ఆడడు. ముక్కలు పంచుతాడు, కాఫీ పోస్తాడు, తగువులు తీరుస్తాడు. ఆడేది ముగ్గురు: నెవెంక, లాయోష్, నీళ్ళ లారీ తోలే గ్రీకువాడు థనాసిస్. థనాసిస్ నోరు లారీ కన్నా పెద్దది.

ఆట మనీలా. రెండు నుంచి ఆరు దాకా ముక్కలు తీసిపారేస్తే మిగిలే ముప్ఫై రెండు ముక్కలతో ఆడతారు. ఎవరి చేతిలో వాళ్ళకి రెండు ముక్కలు. బల్లమీద అందరికీ ఉమ్మడిగా ఐదు, ఒక్కొక్కటిగా తెరుస్తారు. తెరిచినప్పుడల్లా పందెం. చేతిలో రెండూ వాడుకోవాలి, బల్లమీదవి మూడు కలుపుకోవాలి.

"ఏంటి హంగేరీ అన్నా, మాటిమాటికీ గడియారం చూస్తావు? ఇంటి దగ్గర పెళ్ళాం కర్ర పట్టుకుని నించుందా?" అన్నాడు థనాసిస్.

"పెళ్ళాం లేదు," అన్నాడు లాయోష్.

"మరి ఇంకేం తొందర? మా నెవెంకను చూడు, మూడేళ్ళనుంచి ఆ కుర్చీలోనే కూర్చుంటోంది, ఒక్కసారైనా టైము అడిగిందా?"

నెవెంక నవ్వలేదు. గంటన్నరగా ఆమె తన ఆట కన్నా లాయోష్ పందేలే ఎక్కువ చూస్తోంది. ప్రతి పందెమూ ఆమెకి తెలిసిన పందెమే.

చిన్నప్పుడు వంటింటి బల్లమీద బటానీ గింజలు పోసి నాన్న నేర్పిన పాఠం అది. పాత ఊళ్ళో బడిపంతులు ఆయన, ఏది చెప్పినా సుద్దముక్క పట్టుకున్నట్టే చెప్పేవాడు. "నీ ముక్కలు బాగున్నాయని ఎక్కువ కాసి, బాగాలేవని తక్కువ కాస్తే, ఇంక వాటిని బోర్లించి పెట్టడం దేనికే? తెరిచే పెట్టు. పందెం నీ ముక్కల్ని బట్టి కాదు, మధ్యలో ఉన్న కుప్పని బట్టి కాయాలి. కుప్పలో సగం కాశావనుకో, అలా కాసిన నాలుగుసార్లలో మూడు నిజం, ఒకటి అబద్ధం ఉండాలి. కుప్పంత కాశావనుకో, మూడింట ఒకటి అబద్ధం. అంతకు మించి బుకాయిస్తే ఎదుటివాడు ప్రతిసారీ నీ ముక్కలు చూపించమంటాడు. తగ్గితే ఎప్పుడూ అడగడు, నువ్వు కాయగానే పడేసి పోతాడు." మరి ఏ చెత్త చేతితో బుకాయించాలి నాన్నా అని అడిగితే గోడ గడియారం చూపించేవాడు. "నువ్వు ఎంచుకోకు. ఎంచుకుంటే నీ మొహం పట్టిచ్చేస్తుంది. ముల్లుకి వదిలెయ్. నాలుగింట ఒకటి కావాలంటే, అది మొదటి పదిహేను సెకన్లలో ఉన్నప్పుడే బుకాయించు."

లాయోష్ ఇప్పటికి సగం కుప్ప నాలుగుసార్లు కాశాడు. మూడుసార్లు నిజం. ఒకసారి, ముల్లు పదిహేను లోపు ఉన్నప్పుడు, చేతిలో ఎనిమిదీ తొమ్మిదీ పెట్టుకుని పచ్చి అబద్ధం. కాసేటప్పుడు బిళ్ళలు విసరడు, అచ్చం నాన్నలాగే దొంతర కట్టి చిటికెనవేలితో నెడతాడు. ఆ వేలు చూసినప్పుడల్లా నెవెంకకు, చచ్చిపోయిన మనిషి బల్లకి అవతల కూర్చుని తనతో ఆడుతున్నాడని అనిపిస్తోంది. ఎదురుగా ఉన్నది నలభై ఏళ్ళ బట్టతల మనిషి అని కళ్ళు చెబుతున్నా ఒళ్ళు నమ్మడం లేదు.

తనకి తాను సర్దిచెప్పుకుంది. నాన్న ఈ ఊళ్ళోనూ ఆండమూకాలోనూ పదిహేనేళ్ళు ఆడాడు. ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. ఆయన లెక్కల పుస్తకం మీద ఎవరి కన్నైనా పడి ఉండొచ్చు. పుస్తకం ఇప్పుడు తన పెట్టెలోనే ఉన్నా, ఆయన దాన్ని సంచిలో వేసుకుని ఊరంతా తిరిగినవాడే కదా. మొదటి రోజునే ఆమె లాయోష్‌ను అడిగింది కూడా, ఫ్రానె అనే ఆయన్ని ఎరుగుదువా అని. "పేరే వినలేదమ్మా," అన్నాడు. "ఈ ఊరు నాకు కొత్త."

బోజో మళ్ళీ ముక్కలు పంచాడు.

నెవెంకకు ఇస్పేటు రాజు, ఇస్పేటు ఏడు వచ్చాయి. బల్లమీద మొదట ఇస్పేటు ఎనిమిది తెరుచుకుంది. తరవాత ఆఠీను రాణి, డైమండ్ ఆసు. థనాసిస్ "ఈ ముక్కలకన్నా మా అత్తగారి మొహం నయం" అని తన చేతిని పడేసి కాఫీ గిన్నె దగ్గరికి లేచాడు. నాలుగో ముక్క ఇస్పేటు జాకీ.

కుప్పలో నూట ఎనభై డాలర్లు ఉన్నాయి. ఒక్క ముక్క మిగిలి ఉంది. అది ఇస్పేటు పడితే నెవెంకకు ఐదు ఇస్పేట్లు, దాదాపు దేన్నైనా కొట్టే చెయ్యి. పడకపోతే ఆమె దగ్గర ఏమీ లేనట్టే. లాయోష్ దగ్గర ఇప్పటికే మంచి జత ఉందని అతని ఆటే చెబుతోంది. ఆఖరి ముక్క మీద ఆశతో వేలాడుతున్నవాణ్ణి తరిమెయ్యడానికి అతను ఇప్పుడు ఎంత కాయాలి? తక్కువ కాస్తే ఆమె ఉండిపోతుంది, ఉండటం ఆమెకి లాభం. మరీ ఎక్కువ కాస్తే అనవసరంగా తన డబ్బు ప్రమాదంలో పెట్టినట్టు. గీత ఎక్కడో ఉంది. ఆ గీత గురించే ఆ పొద్దున పోట్లాట.

పుస్తకంలో నాన్న 'నాలుగో వంతు' అని రాసుకున్నాడు. ముప్ఫై రెండులో బల్లమీదవి నాలుగు, నావి రెండు, వాడివి రెండు తీసెయ్యి, ఇరవై నాలుగు మిగిలాయి. అందులో వాడికి కావలసినవి నాలుగు. ఆరుసార్లలో ఐదుసార్లు పందెం పోగొట్టుకుంటాడు, ఒక్కసారి కుప్పా నా పందెమూ గెలుస్తాడు. కాబట్టి కుప్పలో నాలుగో వంతు కాస్తే చాలు, వాడికి గిట్టదు. ఇది ఆయన లెక్క. నెవెంక ఆ పొద్దున రొట్టె కోస్తూ నవ్వింది. "పందెం వేసేది ఎవరికి నాన్నా? వాడికి కదా? నీ చేతిలో ఏమున్నాయో వాడికి కనబడుతుందా? వాడు చూస్తున్నది ఇరవై ఆరు ముక్కలు. నీ కళ్ళతో కాదు, వాడి కళ్ళతో లెక్కపెట్టు. నాలుగో వంతు అక్కర్లేదు. తొమ్మిదింట రెండు వంతులకే వాడు లేచిపోతాడు. ఇన్నేళ్ళూ ప్రతిసారీ ఎక్కువ కాస్తూ వచ్చావు." ఆయన మొహం మాడిపోయింది. "పదిహేనేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణే నేను!" అని కుర్చీ తోసుకుని లేచాడు. ఆమె ఆయన్ని చూడటం అదే ఆఖరు.

నూట ఎనభైలో నాలుగో వంతు నలభై అయిదు. తొమ్మిదింట రెండు వంతులు నలభై.

లాయోష్ ఐదు డాలర్ల బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. నెవెంక లెక్కపెడుతూనే ఉంది. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిదోది పెట్టి తీరాలి. పెడితే పుస్తకం చూసినవాడు, అంతే, గొడవ లేదు. తొమ్మిదోది పెట్టు తండ్రీ, పెట్టు, అని ఆమె లోపల మొక్కుకుంటోంది.

లాయోష్ ఎనిమిది బిళ్ళల దొంతరను చిటికెనవేలితో ముందుకు నెట్టాడు. "నలభై."

నెవెంక బల్ల అంచు పట్టుకుంది.

"నలభై ఎందుకు?" అంది.

"నా డబ్బు నా ఇష్టమమ్మా."

"నలభై అయిదు ఎందుకు కాదు?"

థనాసిస్ కాఫీ కప్పుతో వెనక్కి వచ్చాడు. "ఐదు డాలర్లకి ఇంత పంచాయితీనా? ఇదిగో, ఆ ఐదూ నేనే పెడతా, తొందరగా కానివ్వండి."

"నువ్వు ఆగు థనాసిస్," అంది ఆమె. లాయోష్ వైపు తిరిగింది. "చెప్పండి. నలభై అయిదు ఎందుకు కాదు?"

లాయోష్ ఆమె మొహంలోకి చూశాడు. ఏదో బరువు దించుకోవడానికి చోటు వెతుక్కున్నట్టుంది ఆ చూపు.

"నలభై అయిదు నా కళ్ళతో లెక్కపెడితే వస్తుంది. నలభై మీ కళ్ళతో లెక్కపెడితే."

ఆ మాట నెవెంకదే. ఆ పొద్దున వంటింట్లో ఉన్నది ఇద్దరు. ఒకరు మట్టిలో కలిసిపోయారు. తను ఎవరికీ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు.

"ఎవరు చెప్పారు మీకు?"

"లెక్కల మాస్టారు."

"ఆయన్ని ఎరగనన్నారు."

"అబద్ధం చెప్పాను."

బోజో చేతిలో పేక పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఐదో ముక్క తెరవాల్సింది ఆయనే. "ఏ మాస్టారు? మా ఫ్రానెనా? ఎక్కడ చూశావు ఆయన్ని?"

లాయోష్ నెవెంకతోనే మాట్లాడాడు. "ఇది నా లెక్క కాదు, మా అమ్మాయిది అన్నాడు. పొద్దున్నే తప్పు పట్టుకుందట. కోపమొచ్చి కాఫీ కూడా తాగకుండా వచ్చేశానన్నాడు. ట్రక్కు లేక ఆ మూడు మైళ్ళూ నడుస్తూ దారంతా మళ్ళీ మళ్ళీ వేసి చూస్తే, పిల్ల చెప్పిందే రైటు. సాయంత్రం ఇంటికెళ్ళి ఒప్పుకోవాలి, ఆ దెప్పులు పడాలి, అని నవ్వాడు. నవ్వితే నొప్పి పుట్టేది, అయినా నవ్వాడు."

నెవెంక కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. సాయంత్రం ఇంటికెళ్ళి ఒప్పుకోవాలనుకున్న మనిషి, దారంతా లెక్క సరిచూసుకుంటూ నడిచిన మనిషి, దూకడానికి వెళ్ళలేదు. తన మాట ఆయన్ని చంపలేదు. మూడేళ్ళుగా ఛాతీ మీద కూర్చున్న రాయి ఒక్కసారి లేచింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతి వెనకభాగంతో ముక్కు తుడుచుకుంది.

అంతలోనే, లేచిన రాయి మళ్ళీ వచ్చి కూర్చుంది. నవ్వితే నొప్పి పుట్టిందంటే అప్పటికే దెబ్బ తగిలింది. అంటే గని లోపల. బతికి. ఏ వేళప్పుడు?

కుప్పలో ఇప్పుడు రెండు వందల ఇరవై. ఉండాలంటే ఆమె నలభై పెట్టాలి. ఇరవై ఆరు ముక్కల్లో నాలుగు ఆమెవి, ఇరవై రెండు కావు. నాలుగు రెండు వందల ఇరవైలు, ఇరవై రెండు నలభైలు, ఎటు చూసినా సరిగ్గా సమానం. ఉంటే లాభమూ లేదు, పోతే నష్టమూ లేదు. అసలు ఆ గీత మీద లెక్క ఏమీ చెప్పదు, మనిషే తేల్చుకోవాలి. ఇక్కడితో ఆపేసి ముక్కలు పడేసి లేచిపోవచ్చు. నాన్న దూకలేదన్న ఒక్క మాట చాలు, మిగతా బతుకంతా దానితో గడిచిపోతుంది. ఇంకొక్క ప్రశ్న అడిగితే ఉన్నదంతా పోవచ్చు.

అడిగింది.

"మీరు ఆయనతో ఉండగా... పైకి ఎవరైనా వచ్చారా?"

లాయోష్ తల ఊపాడు. చేతులు బల్లమీద పెట్టాడు. రెండు వేళ్ళకి గోళ్ళు లేవని ఆమె అప్పుడు చూసింది.

"నేను రాత్రి షిఫ్టు వాణ్ణి," అన్నాడు.

థనాసిస్ చేతిలో కప్పు టక్కున బల్లమీద దిగింది. బోజో మొహం నల్లబడింది.

"పక్కనున్న పాత గనిలోంచి సొరంగం తవ్వుకుని వచ్చాను. తెల్లారినా పోలేదు, ఆశ. ఆయన దిగొచ్చి పట్టుకున్నాడు. అరుచుకున్నాం. నేను తొలిచిన చోటే కప్పు కూలింది. నేను వచ్చిన దారి మూసుకుపోయింది, ఆయన కాళ్ళు పెళ్ళల కింద ఇరుక్కున్నాయి. దుమ్ము ఇంకా అణగలేదు, పైన అడుగుల చప్పుడు. ఎవరో పిలిచారు. మూడుసార్లు."

"తరవాత?" అంది నెవెంక.

"నేను కేక వెయ్యబోయాను. ఆయన నా నోరు మూసేశాడు. ఇంత బలంగా." లాయోష్ తన అరచేతిని తన నోటికేసి నొక్కి చూపించాడు. "నెత్తిమీద కప్పు ఇంకా చిటపటమంటోంది. వినబడితే పైవాళ్ళు ఆగరు, గబగబా దిగొచ్చేస్తారు, సరిగ్గా దీని కిందికే వస్తారు, నోరెత్తావంటే చంపేస్తానన్నాడు. నిచ్చెన పైకి పోతుంటే చూస్తూ ఉన్నాడు. మొత్తం పోయేదాకా నా నోటిమీద చెయ్యి తియ్యలేదు."

లాయోష్ నోటిమీంచి చెయ్యి దించాడు.

"సాయంత్రానికి అర్థం చేసుకుంటారులే, మనుషుల్ని తీసుకుని జాగ్రత్తగా వస్తారు అన్నాడు. పదింట తొమ్మిది వంతులు వచ్చి తీరతారని లెక్క కట్టి చెప్పాడు. కప్పు సద్దుమణిగాక ఆయన్ని లాగి, గాలి ఆడుతుందని గుంత అడుక్కి చేర్చాను. అప్పుడు ఇద్దరం అరిచాం. వినేవాళ్ళు లేరు. నిద్రపోతే ఇంక లేవనని ఈ లెక్కలన్నీ నాకు నేర్పుతూ కూర్చున్నాడు. రెండో రాత్రి పోయాడు. తరవాత మూసుకుపోయిన సొరంగాన్ని చేతుల్తో తవ్వుకుని నేను బయటపడ్డాను, పారిపోయాను. నేరుగా వచ్చి చెప్పే ధైర్యం లేదు నాకు. ఈ పందెం చూస్తే మా పిల్ల పోల్చుకుంటుంది అని ఆయనే అన్నాడు."

నెవెంకకు ఏడుపు కూడా రాలేదు. ఉన్నాడు. బతికి ఉన్నాడు. ప్రతి పిలుపూ విన్నాడు. తాడు పైకి జారుతుంటే కింద నుంచి చూశాడు, చూసి ఊరుకున్నాడు. జీవితమంతా వంతులు కట్టి పందెం కాసిన మనిషి, ఆ ఒక్కసారి ఉన్నదంతా కూతురి మీద కాశాడు. తనేమో ఇంటికి వెళ్ళి, ఆ రొట్టే మాంసమూ తనే తినేసి పడుకుంది. అలిగి పోయాడులే, ఆయనే వస్తాడులే, అనుకుంది.

"ఎవరు ఆ పైన వచ్చింది?" బోజో గొంతు కొండ లోపలినుంచి వచ్చినట్టుంది.

"కిందనుంచి చూస్తే ఆకాశానికి అడ్డంగా నీడే గానీ మొహం కనబడదు."

"ఆయనకి తెలుసా?"



"బార్బా, వీడి మాటలు నమ్ముతున్నావా?" థనాసిస్ ఇప్పుడు హాస్యమాడటం లేదు. "పైన ఎవడొస్తాడు? ఎవడూ రాలేదు. వీడే ఆయన్ని కింద కూలదోసి, ఎక్కి వచ్చి, నిచ్చెన లాగేసి పోయాడు. ఈ మూడేళ్ళూ ఆ మహానుభావుణ్ణి దూకి చచ్చినవాడన్నాం మనం. పాదిరీ గారు కూడా గొణుక్కుంటూనే పూడ్చారు."

బోజో పేకను బల్లమీద బోర్లా పెట్టాడు. లేచి వెళ్ళి వీధి తలుపుకి అడ్డగడియ వేశాడు. మూలనున్న గునపం చేతిలోకి తీసుకున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి చేతుల్లో అది పుల్లలా లేచింది.

"రాత్రి షిఫ్టు వాడు దొరికితే ఈ ఊళ్ళో పోలీసుల దాకా పోదు. తెలుసుగా నీకు?"

"తెలిసే వచ్చాను," అన్నాడు లాయోష్.

"ఒకే ఊళ్ళో పుట్టాం నేనూ ఫ్రానె. ఆ గుంతలోంచి ఆయన్ని ఈ చేతుల్తో ఎత్తాను. ఒక్కసారే అడుగుతాను. నిచ్చెన లాగింది ఎవరు?"

లాయోష్ గునపం వంక చూడలేదు. చెదిరిన ఎనిమిది బిళ్ళల దొంతరను మళ్ళీ సరిచేశాడు. నెవెంక వంక తలెత్తాడు. ఆ కళ్ళలో నిందా లేదు, ప్రాధేయపడటమూ లేదు.

"నా పందెం పెట్టేశానమ్మా," అన్నాడు. "ఇక మీ వంతు."

నెవెంక లేచి నించుంది. "బార్బా..." అంది.

బోజో ఆమె వైపు తిరిగాడు. ఆ ముసలి మొహంలో కోపమంతా ఒక్క క్షణం కరిగి, కన్న కూతుర్ని చూసినంత జాలి కనిపించింది.

"నువ్వు వెళ్ళిపో తల్లీ. విన్నది చాలు నువ్వు. ఇక్కడ జరగబోయేది నువ్వు చూడొద్దు, తెలుసుకోనూ వద్దు. మేం చూసుకుంటాం."

ఒక చేత్తో గునపం పట్టుకునే, రెండో చేత్తో అడ్డగడియ తీసి, ఆమె ఒక్కతి పట్టేంత మేర తలుపు తెరిచి పట్టుకున్నాడు.